కొమ్ము వంకర ఎద్దు

గద్వాల

తమ్ముడు మాణిక్యప్పను దీవించి అన్న కాళప్ప రాసేది. నా జరం తగ్గింది, అమ్మను పరేషాన్ గావద్దని చెప్పు.

ఈడ ఒక కాపాయన, అత్తగారింట్ల ఉన్న బిడ్డకు ఇయ్యనీకి, సచ్చిపోయిన తన ఎద్దు బొమ్మ చెయ్యమన్నడు. తీగెరంపంతోటి రంగురంగుల చెక్కముక్కలు కోసి, పలకల ఎద్దు రూపం వచ్చేటట్టు పొదిగిన. తెల్లటి పాలకొడిశె చెక్కతోటి ఒళ్లు, నల్లటి తునికి కట్టె చేవతోటి కొమ్ములు. ఆయన సూసి, "ఇది నా ఎద్దు గాదు, దాని ఎడమకొమ్ము జర కిందికుంటది" అన్నడు. మళ్ల కోసిన. "నొసటి మచ్చ గిట్లుండదు" అన్నడు. అదీ పీకి మళ్ల పెట్టిన. చేతి ఏళ్లు పుండ్లయినయి, కండ్లు మండుతున్నయి. ఆఖరికి దాని మెడ నిమురుకుంట, ఏడ్సుకుంట తీస్కపోయిండు.

నాయినది సన్న ఆకురాయి, ఎవరన్న ఇటొస్తే వాళ్లతోటి పంపు. బర్రె ఈనిందా? కొట్టం మీద గడ్డి కప్పిచ్చినవా? అమ్మ కాళ్లకు మొక్కిన్నని చెప్పు.

మిగిలిన ముక్కలతోటి నా బిడ్డ ఈశ్వరి బొమ్మ మొదలువెట్టిన. మొఖమైతే యాదికుండె, కోసిన. చెవికాడ రంపం ఆగింది. పిల్లకు చెవులు కుట్టిచ్చినరా? నాకు తెల్వదాయె. మీ వదినెనడిగి రాయి. నువ్వు రాసేదాక ఆ చెవి ముట్టను.