ఎటు తిరిగితే ఇల్లు

2025 జూన్ 29, ఆదివారం

నీలిమక్క వెళ్లిపోయింది. బావ ఉద్యోగం రూర్కెలాలో. ట్రైన్ కదిలాక నాన్నా నేనూ ఆటోలో ఇంటికొచ్చాం. నాన్న వచ్చీరాగానే టీవీ పెట్టాడు. స్టీల్‌ప్లాంట్‌లో రైల్‌మిల్లు చప్పుడుకి ఆయన చెవులు ఎప్పుడో దెబ్బతిన్నాయి. మా టీవీ క్యాంప్-1 కాలనీలో సగం మందికి వినిపిస్తుంది.

ఎక్కేముందు అక్క చెవిలో అంది, ఎవరికో ఒకరికి చెప్పేయవే ప్రసూనా, ఇంక నీ పక్కన నేనుండను కదా అని.

ఏమని చెప్పను? ఇరవై తొమ్మిదేళ్లొచ్చినా పుట్టిన ఊళ్లో దారి తెలియదనా?

జూలై 3

అందరికీ తలలో ఊరంతా ఉంటుందట. నాకు ఎదురుగా కనిపించే వీధి ఒక్కటే ఉంటుంది. మలుపు తిరిగితే అదీ పోతుంది. బడికి, కాలేజీకి, సినిమాకి అక్క మోచెయ్యి పట్టుకునే వెళ్లాను. సుపేలాలో నేను పనిచేసే కళ్లద్దాల షాపుకి మాత్రం ఒక్కదాన్నే వెళ్లగలను. అక్క వెంట నెలల తరబడి నడిచి బట్టీ పట్టిన దారి అది. పాలబూత్ దగ్గర ఎడమ. పిండిమిల్లు దగ్గర కుడి. అలా.

జూలై 9

పైప్‌లైన్‌కని పిండిమిల్లు రోడ్డు తవ్వేశారు. పక్క గల్లీలోంచి వెళ్లమన్నారు. వెళ్లాను. ఇంక అంతే. ఫోన్‌లో మ్యాప్ తీస్తే నేను తిరిగినప్పుడల్లా బాణమూ తిరిగింది. చివరికి ఆటో బలరాం భయ్యా కనిపించాడు. దీదీ, మీ ఇల్లు ఈ గోడ వెనకే కదా, ఇక్కడ నిలబడి ఏడుస్తున్నారేంటి అన్నాడు. కంట్లో దుమ్ము పడిందన్నాను.

జూలై 11

దుర్గ్ సంబంధంవాళ్లు ఫోన్ చేశారు. నవీన్‌కుమార్, హార్డ్‌వేర్ షాపు. ఫోన్‌లో రెండుసార్లు మాట్లాడాను. నవ్వేముందు ఒక్క క్షణం ఆగుతాడు. అది బాగుంది. ఆదివారం మైత్రీబాగ్ జూలో బోటింగ్ దగ్గర కలుద్దామన్నాడు.

జూలై 13, ఆదివారం

బలరాం భయ్యా గేటు దగ్గర దింపాడు. లోపలికెళ్లాను. జింకలు వచ్చాయి. కోతులు వచ్చాయి. మళ్లీ జింకలు. ఎవరినో అడిగితే సీదా వెళ్లి రైట్ అన్నారు. మళ్లీ జింకలే. నవీన్ ఫోన్ చేశాడు. వస్తున్నా అన్నాను. మళ్లీ చేశాడు, ఎక్కడున్నారని. ఎక్కడున్నానో తెలిస్తే కదా. ఆటో పాడైంది, రాలేకపోయాను, సారీ అన్నాను.

జనం వెనకాలే నడిస్తే గేటు వచ్చింది. కాసేపటికి అతనూ వచ్చాడు, ఫోటోలో చూసిన ముఖమే, చేతిలో రెండు మొక్కజొన్న పొత్తులతో. చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకుని బెలూన్లవాడి వెనక నిలబడ్డాను. ఒక పొత్తు సెక్యూరిటీ గార్డ్‌కి ఇచ్చేసి వెళ్లిపోయాడు.

పిలిస్తే వినపడేంత దూరం. పిలవలేదు.

జూలై 15

షాపులో కళ్లు టెస్ట్ చేసే లక్ష్మీప్రసాద్ గారికి చెప్పేశాను. నా కళ్లు చూశారు. అద్దాలకి నంబరు కూడా రాలేదు. "కళ్లు బేషుగ్గా ఉన్నాయమ్మా. చూసినదాన్ని తలకాయి ఏటి చేస్తందో అది చూపించుకో" అన్నారు. నవ్వలేదు. రాయ్‌పూర్‌లో ఒక న్యూరాలజిస్ట్ ఫోన్ నంబర్ ఇచ్చారు.

జూలై 24

డాక్టరమ్మ చిన్న వయసామె. స్కాన్ నార్మల్ అంది. నార్మల్ అయితే నేను ఉత్త మొద్దునే కదా.

కాదట. తలలో దారి చూపించేది ఒక్కచోటే ఉండదట. హిప్పోక్యాంపస్ ఊరికి మ్యాప్ గీస్తుంది. రెట్రోస్ప్లీనియల్ అని వెనకవైపు ఇంకోటుంది, అది ఎదురుగా కనిపించేదాన్ని ఆ మ్యాప్‌తో కలిపి, నువ్వు ఎటు తిరిగి ఉన్నావో చెబుతుంది. ఇక్కడ ఎడమ, అక్కడ కుడి అని అలవాటైన దారిలో నడిపించేది కాడేట్ అనే ఇంకో భాగం. నాకు అది గట్టిగా ఉందట, షాపుకి వెళ్తున్నది దాని పుణ్యమే. మిగతావి చెడిపోలేదు. ఒకదానితో ఒకటి సరిగ్గా మాట్లాడుకోకపోవచ్చట. నాలాంటివాళ్లలో అదే కారణమని ఇప్పటివరకూ తెలిసిందట. పుట్టుకతోనే. మందు లేదు, తిరగడం ప్రాక్టీస్ చెయ్యి, కొంత రావచ్చు అంది.

ఒకే తలలో ఉంటాయి, మాట్లాడుకోవు. ఒకే ఇంట్లో నాన్నా నేనూ లాగే.

వచ్చేటప్పుడు లోకల్ ట్రైన్‌లో, తోడొచ్చి బయటే కూర్చున్న నాన్న అడిగాడు, డాక్టరేమందని. చెప్పాను. వినపడలేదు. మళ్లీ చెప్పాను. చివరికి అరవాల్సొచ్చింది, "నాకు దారులు గుర్తుండవు నాన్నా!" అని. బోగీ అంతా ఇటు తిరిగింది.

నాన్న నా పక్కకి జరిగి కూర్చున్నాడు. అప్పుడన్నాడు: "మీ అమ్మకీ అంతేనమ్మా. నేను పక్కనుంటే గానీ గడప దాటీది కాదు. సిగ్గని ఎవులికీ సెప్పనియ్యలేదు."

అమ్మ గడపలో నిలబడి ఉండటమే నాకు గుర్తు. వీధి చూడటం ఆవిడకి ఇష్టమనుకున్నాను. పోయేదాకా అలాగే అనుకున్నాను.

జూలై 27, ఆదివారం

నవీన్ ఇంటికొచ్చాడు. మైత్రీబాగ్ సంగతితో సహా అంతా చెప్పేశాను. ఒక్క క్షణం ఆగి నవ్వాడు. "అరే, ఇంతేనా! నేనున్నాను కదా. షాపు మానేయండి. మీరొక్కరే బయటకెళ్లాల్సిన పనే ఉండదు. ఎక్కడికైనా నేనే తీసుకెళ్తాను" అన్నాడు.

నాన్న కళ్లు తుడుచుకున్నాడు.

జూలై 28

మంచివాడు. అదే కష్టంగా ఉంది.

ఆగస్టు 3, ఆదివారం

వద్దన్నాను. షాపు మాననని, ఒక్కదాన్నే తిరగడం నేర్చుకుంటానని నవీన్‌కి ఫోన్‌లో చెప్పాను. అతనికి అర్థం కాలేదు. మీకు ఏదైనా అయితే ఎవరు జవాబు చెప్తారు అన్నాడు. ఆ తర్వాత మర్యాదగానే ఫోన్ పెట్టేశాడు.

అక్క రూర్కెలా నుంచి తిట్టింది. ఇలాంటివాడు మళ్లీ దొరుకుతాడా, నీకు బుర్ర ఉందా అంది. ఉంది, స్కాన్ కూడా తీశారు అన్నాను. నవ్వలేదు.

నాన్న టీవీ కట్టేశాడు. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని తెలియదు. "ఒక్కర్తివీ ఎలా తిరుగుతావమ్మా?" అన్నాడు. తప్పిపోతూ తిరుగుతాను నాన్నా అన్నాను. అరవకుండానే అన్నాను. వినపడినట్టే ఉంది.

ఆగస్టు 6

అతని నంబరు ఇంకా డిలీట్ చెయ్యలేదు.

ఆగస్టు 10, ఆదివారం, సాయంత్రం

ఇది క్యాంప్-2 అనుకుంటాను. కాకపోవచ్చు. వాన పడుతోంది. చాయ్ దుకాణం ఆవిడ "ఎటెళ్లాలమ్మా?" అని అడిగింది. ఇంకా అనుకోలేదన్నాను. ఇంకో చాయ్ పోసింది.