మోకు కారుకే కట్టాను

ఆత్మకూరు, 1954 మార్చి

నాయనకు శేషయ్య దండాలు. నేనూ కారూ ఇద్దరం క్షేమం.

"అది కదిలితే నా మీసం తీసేస్తా" అన్నావు గదా, కోళ్ళు పొదిగిన ఆ పాత కారులోనే నిన్న అనంతసాగరం దారి పట్టాను. ఎక్కడన్నా ఆగితే లాగడానికని నువ్వు పంపిన ఎద్దుల బండిని మోకుతో సహా హుసేనయ్య వెనకే తోలుకొచ్చాడు. వాటి కోసం కారును ఎద్దుల నడకనే నడిపాను. వాగు దాటి కారు గట్టెక్కింది. బండి మాత్రం ఇసుకలో ఇరుసుదాకా దిగబడింది. ఎంత అదిలించినా ఎద్దులు కదల్లేదు.

"శేషయ్యా, ఇంక నీ కారే దిక్కుగా ఉండాది. మోకు దానికే కట్టు సామీ!" అని హుసేనయ్య కేకేశాడు.

కట్టి లాగాను. బండీ ఎద్దులూ గట్టున పడ్డాయి. వాగులో బట్టలుతికేవాళ్ళు ఈలలేశారు!

ఎర్రావు ఈనిందా? అమ్మ దగ్గు తగ్గిందా? పాత కంబళి ఎవరికీ ఇవ్వవద్దు, చిరిగిన సీట్లకు పరచాలి. చెల్లెలికి, పిల్లలకు నా ఆశీస్సులు.

ఎద్దులను రేపే తోలిస్తున్నాను. ఆదివారం నేను కారులో చేజర్ల వస్తాను. మీసం తీయవద్దు నాయనా. బాగా దువ్వుకుని నా పక్క సీట్లో కూర్చో, ఊరంతా చూడాలి.

నీ శేషయ్య