పెనుకొండలో దిగిపోయిన సారు

హిందూపురం,
సెప్టెంబరు 4

చిరంజీవి కల్పనకు,

నీ నల్లప్ప సారు ఆశీస్సులు. ఇంకా ఊపిరి ఆడుతోంది కాబట్టే ఈ ఉత్తరం. నువ్వు రాసి పంపిన సినిమా కథ అందింది. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో అయితే నాలుగు మాటలకొకసారి "సార్, సార్" అని అడ్డుపడతావు. కాగితం అలా కాదు, చివరిదాకా ఓపిగ్గా వింటుంది.

మన మార్కెట్ గ్రౌండ్ అమ్మాయిల కబడ్డీ జట్టు మీద సినిమా అంటే, చింతపండు మండీలో కాటా వేసుకుంటూ మీకు ఆట నేర్పిన నాకు గర్వంగా ఉండదా? కళ్లద్దాలు తుడుచుకుని మరీ చదవడానికి కూర్చున్నాను. డెబ్బై రెండో పేజీలో నన్ను చంపేశావు.

ఎప్పటికీ చావనని కాదు. కానీ నువ్వు చంపిన తీరు నమ్మేలా లేదు. గుండెపోటు వచ్చాక నేను పదకొండు వాక్యాలు మాట్లాడాను. ఒంట్లో బాగున్నప్పుడే మధ్యలో దగ్గకుండా నాలుగు చెప్పలేను. సరే, పోయాను. మధ్యాహ్నం నన్ను సాగనంపి, సాయంత్రం ఐదింటికి మీరు ధర్మవరంలో ఫైనల్ ఆడి గెలిచారు. ఏ తల్లి పంపుతుంది? మీ నాయన అయితే గొర్రెలు తోలే కట్టెతోనే ఎదురొచ్చి, "సావింటి నుంచి ఆటకు పోతావా, ఏం పుట్టిందే నీకు?" అనేవాడు.

అదీ వదిలెయ్. పొద్దుటి నుంచి ఏడ్చిన పిల్ల కూతకు పోగలదా? ఏడ్చిన గొంతుకు ఎక్కిళ్లు వస్తాయి. "కబడ్డీ కబడ్డీ" మధ్యలో ఒక్క ఎక్కిలి చాలు, కూత తెగిపోతుంది, రెఫరీ ఈల వేస్తాడు. గురువు పోతే శిష్యులకు బలం వస్తుందని నీకెవరు చెప్పారు? వచ్చేది జలుబు.

అసలు గురువులు అంత సులభంగా పోరు. నా గురువు నారాయణప్పనే చూడు. రామగిరి బంగారు గనిలో దిగి పనిచేసిన మనిషి. గని మూతపడింది, ఆయన మూతపడలేదు. తొంభై ఒకటి దాటాయి. మొన్న చూడడానికి వెళితే, మంచం మీద నుంచి లేవకుండానే, "ఏమప్పా, ఇంగా ఆ ఎడమకాలు ఈడ్చుకుంటానే ఉండావా?" అన్నాడు. ఆ కాలు ఇప్పుడు కీళ్లనొప్పులతో ఈడుస్తున్నానని చెప్పినా వినడు. గురువు అంటే అదీ. పోయి స్ఫూర్తినిచ్చేవాడు కాదు, ఉండి ప్రాణం తీసేవాడు.

మా ఇంటావిడకు, అదే మీ మారెమ్మత్తకు, కథ చదివి వినిపించాను. నా చావు దగ్గర కళ్లు తుడుచుకుంటుందేమోనని ఆగి చూశాను. "పోయేదుంటే పోనీలే, పోయే ముందర రాగులు మర పట్టించుకోని రమ్మను. సినిమా అంతా నాకు ఏడ్చేదొకటేనా పని? ఒక్క మాటన్నా రాయలేదే ఆ పాప!" అంది.

కబడ్డీలో ఔటై బయట కూర్చున్నవాణ్ణి కూడా, మనవాళ్లు ఒకరిని పట్టుకోగానే లోపలికి పిలుస్తారు. ఆ మాత్రం న్యాయం నాకు లేదా? నన్నెందుకు చంపావో చెప్పు.

డెబ్బై రెండో పేజీలో పోయిన,
నల్లప్ప


హిందూపురం,
సెప్టెంబరు 19

కల్పనా,

నీ జవాబు చూశాను. "మూడేళ్లు మా వెంట తిరిగిన మనిషి ఫైనల్ రోజు రాలేదంటే, చచ్చిపోయాడని చెప్తే తప్ప ఎవరూ నమ్మరు సార్. మీకేమో కడుపునొప్పి. కడుపునొప్పితో సినిమా ఆగదు" అని రాశావు. చదివి నవ్వాను. తర్వాత చాలాసేపు నవ్వలేదు.

నాకు ఆ రోజు కడుపునొప్పి లేదమ్మా. ఇరవై ఏళ్లుగా మారెమ్మకు కూడా చెప్పని సంగతి ఇది.

హిందూపురంలో రైలెక్కాం. మీకు తోడుగా ఆదిలక్ష్మమ్మ కూడా వచ్చింది. నేను పక్క పెట్టెలో ఉన్న తెలిసినాయనతో చింతపండు ధర గురించి వాదించి, మీకు పంచుదామని అరటిపండ్ల సంచి పట్టుకుని వస్తున్నాను. మీ సీట్లు కనిపించకముందే నీ గొంతు వినిపించింది. "సారు కోర్టు గీత పక్కన నిలబడితే మనం ఓడిపోతాం. రెండు ఫైనళ్లూ అట్లే కదా పోయింది. ఈసారి సారు రాకుంటే బాగుండు." ఎవరో నవ్వారు. ఎవరూ కాదనలేదు.

సంచిని అక్కడే కొక్కేనికి తగిలించి వెనక్కి తిరిగాను. నాకు కోపం రాలేదు. నిజమేనేమో అనిపించింది, అదే వచ్చిన చిక్కు. ఏడో తరగతితో బడి మానేసి, బెంగళూరు ఫుట్‌పాత్ మీద కొన్న రూల్సు పుస్తకం ముందు పెట్టుకుని, డిక్షనరీ తిరగేస్తూ ఆట నేర్చుకున్నవాణ్ణి. అలాంటివాణ్ణి నా నీడకు భయపడ్డాను. పెనుకొండలో దిగి, కిటికీ దగ్గరికొచ్చి, "కడుపునొప్పి, మీరు పదండి" అన్నాను.

ప్లాట్‌ఫారం మీద వెంకటక్క అని ఉడకబెట్టిన శెనక్కాయలు అమ్మేది. మూడు పొట్లాలు తిన్నాను. నాలుగోది అడిగితే, "కడుపునొప్పి అని రైలు దిగినోడివి, ఇంత తింటాండావే! నొప్పి యాడుండాదప్పా నీకు?" అంది.

రాత్రి మీ తిరుగు రైలు వచ్చి ఆగింది. కప్పు కిటికీలోంచి చూపించి నన్ను లోపలికి లాగారు. అంత సంతోషం నాకు మళ్లీ కలగలేదు. అంత బాధా కలగలేదు. నేను లేకపోతేనే గెలిచారు కదా. ఆ తర్వాత మోకాలు నొప్పి అని చెప్పి ఆట నేర్పడం మానేశాను. ఏ మ్యాచ్‌లోనూ గీత పక్కన నిలబడలేదు.

ఇప్పుడు నీ ఇష్టం. చంపడమే నయమనిపిస్తే అలాగే ఉంచు. కాకపోతే ఆ పదకొండు వాక్యాలు తగ్గించు.

నీ సారు,
నల్లప్ప


హైదరాబాదు,
అక్టోబరు 2

మా నల్లప్ప సారుకు,

కల్పన నమస్కారాలు. మీరు విన్నారని నాకు ఆ రోజే తెలుసు సార్. పెనుకొండ దాటాక కొక్కేనికి అరటిపండ్ల సంచి కనిపించింది. మీరు అక్కడిదాకా వచ్చి వెనక్కి వెళ్లారని అర్థమైంది. ఆ పండ్లు ఎవరూ తినలేదు.

రెండు ఫైనళ్లలోనూ ఆఖరి కూత నాది. రెండుసార్లూ తెగింది. తప్పు మీ మీద వేస్తే నా మీద ఉండదని ఆ మాటన్నాను. ఇంకో సంగతి మీకు ఎవరూ చెప్పలేదు. ఆ ఫైనల్లో తొలి సగం అయ్యేసరికి మేం ఏడు పాయింట్లు వెనకబడి ఉన్నాం. గీత పక్కన చూస్తే మీరు లేరు. తప్పు నీదని వేలు చూపించడానికి ఎవరూ లేరు. ఆదిలక్ష్మమ్మే నన్ను పట్టుకుని, "ఇప్పుడు ఎవురి మీద యేస్తావే? నా మీద యేస్తావా?" అంది. దాంతో ఇక ఆడడం తప్ప దారి లేకపోయింది. మీరు లేనందుకు గెలవలేదు సార్. మీ మీద వేయడానికి వీల్లేక గెలిచాం.

ఇది మీ ముఖం చూసి చెప్పాల్సిన మాట. ఇరవై ఏళ్లు వాయిదా వేశాను. కథలో మిమ్మల్ని చంపేస్తే చెప్పే పనే ఉండదని చంపాను. నన్ను క్షమించండి.

డెబ్బై రెండో పేజీ చించేశాను. ఇప్పుడు సారు పెనుకొండలో దిగి శెనక్కాయలు తింటాడు. డైరెక్టరు, "ఇదెవరు నమ్ముతారు?" అన్నాడు. జరిగిందే అన్నాను. మారెమ్మత్తకు మాటలు రాశాను, రాగుల మాటతో సహా. నవంబరు తొమ్మిదిన ధర్మవరంలో ఫైనల్ తీస్తున్నాం. వచ్చి గీత పక్కన నిలబడండి.

మీ కల్పన


రైలులో,
నవంబరు 9

కల్పనకు,

ఇది పోస్టులో వేసేది కాదు, చేతికిచ్చేది. రైలు ఊగుతోంది, అక్షరాలు గెంతుతుంటే నా మీద వేయకు.

మారెమ్మకు అంతా చెప్పాను. "ఇరవై ఏండ్లు మోకాలికి నూనె రాసినా కదయ్యా, ఆ నూనె ఎనక్కియ్యి" అంది. అక్కడితో వదిలేసింది.

ఇప్పుడే పెనుకొండలో ఆగింది. వెంకటక్క లేదు, ఆమె కోడలు అమ్ముతోంది. కిటికీలోంచే రెండు పొట్లాలు కొన్నాను. రైలు కదిలేదాకా మారెమ్మ నా చొక్కా కొస పట్టుకునే ఉంది. "దిగుతావేమో అని" అంది. "టికెట్టు ధర్మవరం దాకా తీసినా కదే" అన్నాను.

అరటిపండ్ల సంచి నా ఒళ్లోనే ఉంది. ఈసారి కొక్కేనికి తగిలించను. నీ చేతికే ఇస్తాను, నా ఎదురుగా తినాలి. నా వేషం వేసే అతన్ని మాత్రం ఎడమకాలు ఈడ్వొద్దని ముందే హెచ్చరించు, చూస్తే ఊరుకోలేను. షాటు చెడిపోతే ఎవరైనా, "ఈ ముసలాయన గీత పక్కన నిలబడ్డాడు, అందుకే" అనొచ్చు. అననీ.

నేను జరగను.

ఇంకా బతికే ఉన్న,
నల్లప్ప