అత్తగారి మడమ మీద పొర

మార్చి 3
బట్టలు రెండు ట్రిప్పులు. కిటికీ తెరలు ఉతికి ఆరేశాను. సరుకుల డబ్బాలు తుడిచి సర్దడం అయింది. అత్తగారి మడమకు కట్టు మార్చడం రెండుసార్లు. షుగరు పుండు. అంచులు నల్లబడుతున్నాయి.

నెలలో మానే దారి పట్టకపోతే పాదం తీసేయక తప్పదని డాక్టరుగారు ఇవాళ తేల్చేశారు. ఈలోగా ఒక ప్రయత్నం ఉందట. పంది పేగులోంచి కణాలన్నీ కడిగేసి, మిగిలిన పలుచని పొరను పుండు మీద పరుస్తారట. దాన్ని ఆసరా చేసుకుని మన కణాలే అల్లుకుంటాయట. ఇన్నేళ్లు మీ మామగారిని భరించాను, ఇప్పుడు పందిని కూడా భరించాలా అన్నారు అత్తగారు. మా ఆయన నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లిపోయారు.

మార్చి 5
ఆడపడుచు కూతురు అలాంటి పొరలు తయారుచేసే ల్యాబులోనే పనిచేస్తుంది. వెళ్లి చూసి రమ్మని అత్తగారు నన్ను పంపారు. శుభ్రం విషయంలో ఆవిడ నా మాట తప్ప ఎవరి మాటా నమ్మరు.

ఉతకడం గురించి నాకు తెలియనిది లేదనుకునేదాన్ని. గాజు పాత్రల్లో పంది గుండెలు వేలాడుతున్నాయి. సన్నని గొట్టంలోంచి సబ్బునీళ్లు వాటి రక్తనాళాల్లోకి పోతున్నాయి. షాంపూలో వాడే రకమే అత్తా అంది పిల్ల. మొదటి గుండె ఎరుపు. పక్కది గులాబీ. చివరిది తెలుపు. ఆకారం చెక్కుచెదరలేదు. గదులు, కవాటాలు, వెంట్రుకల్లాంటి నాళాలు, అన్నీ ఎక్కడివక్కడే. పిల్ల పాత్ర వెనక చెయ్యి పెడితే గుండెలోంచి వేళ్లు కనబడ్డాయి. గుండె ఉంది. గుండెలో ఎవరూ లేరు.

మరి పంది ఏమైంది అని అడిగాను. సింకులోకి పోయింది అంది. తెరిచిన నోరు మూసుకో అత్తా, ఇక్కడ ఈగల్లేవు గానీ అని కూడా అంది. గుండెలు ఇంకా ప్రయోగాల్లోనే ఉన్నాయట. పుండ్ల మీద పరిచే పొరలు మాత్రం ఎప్పుడో వాడుకలోకి వచ్చాయట.

ఇంటికొచ్చాక ఏ పనికీ చెయ్యి ఆడలేదు.

మార్చి 6
పంది పోయింది, అల్లిక మిగిలింది అని చెప్పాను. నువ్వు కడిగావా అన్నారు అత్తగారు. కడుగుతుంటే చూశానన్నాను. సరే కానీ అన్నారు.

మార్చి 10
పొర వేశారు. తడిసిన టిష్యూ కాగితంలా ఉంది. దీని మీదేనా ఇంత ఆశ!

మార్చి 14, మధ్యాహ్నం 3
ఘోరం చేశాను. పై కట్టు మార్చమంది నర్సు. లోపలిది ముట్టుకోవద్దని చెప్పలేదో, చెప్పినా నా చెవికెక్కలేదో. విప్పితే పుండు మీద గోధుమరంగు జిగురు, కాస్త వాసన. చీము అనుకున్నాను. సెలైను, దూది తీసుకుని గిన్నె తోమినట్టు తుడిచేశాను. మరక మిగల్చలేదు. తృప్తిగా పిల్లకు ఫోటో పంపాను. వెంటనే పిల్ల ఫోను చేసింది. అది చీము కాదట. పొరేనట. ఒంట్లో కలిసేటప్పుడు అలా జిగురవుతుందట.

కాలు నా చేత్తో నేనే తీసేసినట్టుంది.

మార్చి 15
ఎవరు తుడిచారని డాక్టరుగారు గట్టిగా అడిగారు. నేను నోరు తెరిచేలోపే, నేనే అన్నారు అత్తగారు. దురద పుట్టింది, గోకేశాను, ముసలిదాన్ని మంచానికి కట్టేస్తారా అని ఎదురు తిరిగారు కూడా. చీవాట్లన్నీ ఆవిడే తిన్నారు. రెండో పొర వేశారు. ఇదే ఆఖరుదట.

దారిలో, నాకు షుగరు రోగం, నీకు శుభ్రం రోగం, చెల్లుకు చెల్లు అమ్మాయ్ అన్నారు. చెల్లు కాదు. ఆవిడకు బాకీ పడ్డాను.

మార్చి 19
జిగురు వచ్చింది. చేతులు వెనక్కి కట్టుకుని చూశాను.

ఏప్రిల్ 2
జిగురు లేదు. పొరా లేదు. దాని చోట ఎర్రగా, గింజలు గింజలుగా కొత్త కండ. అంచుల నుంచి లేత గులాబీ చర్మం లోపలికి నడుస్తోంది. ఎటు వెళ్లాలో దానికి ఎవరు చెప్పారు? పంది గోడలు కట్టి పోయింది. అత్తగారి కణాలు వచ్చి కాపురం పెట్టాయి, అద్దె లేకుండా. మరక పోతే పని అయిపోయిందనుకునేదాన్ని. ఇక్కడ కడగడం అయ్యాకే పని మొదలైంది. మేమంతా నిద్రపోతున్నా జరుగుతోంది.

ఏప్రిల్ 29
పుండు బొత్తాం అంతే మిగిలింది. పాదం జోలికి వెళ్లక్కర్లేదన్నారు డాక్టరుగారు. తను చెప్పేదాకా నేల మీద మోపొద్దన్నారు. మా ఆయన గోడవైపు తిరిగి కళ్లద్దాలు తుడుచుకున్నారు.

మే 9
పుండు మూసుకుంది. అత్తగారు ఎవరికీ చెప్పకుండా వీధి చివరిదాకా నడిచి వచ్చారు. చెప్పులకు తడి మట్టి. అది చూసి డాక్టరుగారు మండిపడ్డారు. నేనే నడిపించానన్నాను. చీవాట్లన్నీ నేనే తిన్నాను.

అత్తగారికి నా బాకీ తీరింది.