పెయింట్ షెడ్డు లేదంది

అక్కా,

ఇది మెయిల్లో రాయకుండా డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది.

బావ మా కంపెనీకి మెయిల్లో పంపిన ఊపిరితిత్తుల రిపోర్టులు ప్రతిసారీ తిరిగొస్తున్నాయని, అడ్రసు తప్పు కొడుతున్నాడని ఆయన మీద అరిచావట. ఆయన తప్పేం లేదు.

మా కంపెనీలో ఒక్కో షెడ్డుకి ఒక్కో డొమైన్, అంటే అడ్రసులో @ తర్వాత వచ్చే పేరు, ఉంటుంది. మెయిల్ రాగానే మా సర్వర్ ముందు ఆ పేర్లన్నీ ఉన్న డేటాబేస్‌ని "ఈ డొమైన్ మనదేనా?" అని అడుగుతుంది. డేటాబేస్ పడిపోయి జవాబు రాకపోతే మెయిల్‌ని అట్టే పెట్టుకుని మళ్లీ అడుగుతుంది. బావది వెంటనే తిరిగొచ్చింది. అంటే డేటాబేస్ బాగానే ఉంది, మనది కాదని చెప్పింది. నేనూ అదే అడిగి చూశాను. అన్ని షెడ్లూ ఉన్నాయి, బావ పనిచేసిన పెయింట్ షెడ్డు ఒక్కటే లేదు.

మేనేజరుని అడిగితే తలెత్తకుండా, "మూసేసిన షెడ్డు కదయ్యా, నేనే తీయించాను. నిన్నెవడు కెలకమన్నాడు?" అన్నాడు. అక్కడ షెడ్డువాళ్లు వేసిన కేసులో కోర్టుకేమో దగ్గు గురించి ఒక్క ఫిర్యాదూ అందలేదని వీళ్ల లాయరు చెప్తున్నాడు. అందనిస్తే కదా!

అందరూ భోజనాలకి వెళ్లినప్పుడు ఆ డొమైన్‌ని మళ్లీ ఎక్కించాను. ఇప్పుడు అడిగితే ఉందంటోంది. వీళ్లు చూసేలోపు బావనీ, ఆ షెడ్డులో చేసినవాళ్లందర్నీ రిపోర్టులు పంపమను. పోయిన ఫోర్‌మన్ భార్యకి మెయిల్ పంపడం రాదు, నువ్వే పక్కన కూర్చుని పంపించు.

రేపట్నుంచి నాకు పెట్టిన మెయిల్ తిరిగొస్తే బావ మీద అరవకు. అడ్రసు సరిగ్గానే కొట్టి ఉంటాడు.

నీ తమ్ముడు