రెండు వేళ్ల గుడ్డ

ఫార్మింగ్టన్ హిల్స్

చెల్లీ సుభద్రా, ఇక్కడ నా ఆరోగ్యం బాగానే ఉంది, కడుపుమంట తప్ప. ఫోన్‌లో చెబితే ఇంట్లో అందరూ వింటారని కార్డు రాస్తున్నాను.

మా వియ్యపురాలు వసంతలక్ష్మిగారు ఇండియా వెళ్తూ వెళ్తూ మనవరాలికి జీన్స్ గుడ్డతో గౌను కుట్టిపెట్టి వెళ్లారు. దేదీప్య దాన్ని ఒంటి మీంచి తీస్తే ఒట్టు. "నానమ్మ మేడ్ ఇట్" అని వచ్చినవాళ్లందరికీ గిర్రున తిరిగి చూపిస్తుంది. పెళ్లికి ముందు నుంచీ జాకెట్లు కుడుతున్నదాన్ని, నాకు చేతకాదా? జీన్స్ గుడ్డ ముట్టుకోవడం మొదటిసారే అయినా, అదే రంగు తెప్పించి నేనూ ఒక గౌను కుట్టాను. పిల్ల ఎదిగితే విప్పుకోవచ్చని, జాకెట్టుకు వదిలినట్టే లోపల రెండు వేళ్ల గుడ్డ వదిలాను. ఆ మందానికి సూదులు పుటుక్కుమన్నాయి. దేదీప్య తొడుక్కుని, "అమ్మమ్మా, గుచ్చుతుంది, ఐ డోంట్ వాంట్ ఇట్" అని విప్పేసింది.

"అంత మార్జిన్ ఎందుకమ్మా? అత్తయ్యగారు చూడు, ఎంత నీట్‌గా కట్ చేశారో!" అంది మృదుల. నా కడుపున పుట్టిన కూతురే ఆ మాట అంది.

ఇటు వచ్చేవాళ్లుంటే లావు గుడ్డ కుట్టే మిషన్ సూదులు పంపు. నా మిషన్‌కి నూనె వేస్తున్నావా? ఎవరికీ ఇవ్వకు. మరిదిగారిని అడిగానని చెప్పు. పిల్లలకు నా దీవెనలు.

నీ అక్క
రాజ్యం

అన్నట్టు, నిన్న ఆవిడ గౌను ఉతికి డ్రయర్‌లో వేశాను. వేడి ఎక్కువ పెట్టానేమో, ముడుచుకుపోయి పిల్లకి పట్టడం లేదు. విప్పి వదులు చేద్దామని చూస్తే, పాపం, లోపల గుడ్డే లేదు.