కోత పండుగకు ఇచ్చిన వంకాయలు

ఓ స్టీఫెన్ వాళ్ల బాపూ,

డ్యూటీ దిగి వచ్చినంక అన్నం పెట్టుకొని తిను. పప్పు పొయ్యి మీద ఉంది, జర వేడి చేసుకో. చెట్లకు నీళ్లు పట్టు. నీళ్లొక్కటే పట్టు, ఇంకేం కొట్టకు.

పొద్దుగాల కట్టెలు తీస్తుంటే వాటి కింద పురుగుల మందు డబ్బా దొరికింది. సగం అయిపోయింది. వంకాయల్ల ఒక్క పుచ్చు లేదని నేనెంత మురిసిపోయిన! నా వేపకషాయమే పనిచేసిందనుకున్న. ఇంటి కూరగాయ తింటే నీ షుగర్ తగ్గుతదని పేడ కలిపి కలిపి నా చేతులు కంపు పట్టినయ్. పుచ్చులు పడితే పడనియ్, నాకొక్క మాట చెప్తే ఏం పోయేది?

నేను సాయవ్వ ఇంటికి ఉరుకుతున్న. నిన్న చర్చిల కోత పండుగకు మనమిచ్చిన వంకాయల గంపను వేలంల వాళ్లే పాడుకున్నరు. మందు లేనియని నన్ను నమ్మి, నెలలు నిండిన కోడలు మహిమ కోసం తీసుకపోయిన్రు. ఇయ్యాల వండుతరంట, పొయ్యెక్కక ముందే చెప్పాలె. నువ్వు కొట్టినవని చెప్పాల్నా, నేనే కొట్టిననని చెప్పాల్నా, ఏం తోస్తలేదు.

డబ్బా అక్కడ్నే ఉంది. నేను ముట్టలే. కోళ్లు తిరుగుతుంటయ్, నువ్వే తియ్యి.

ఇంకొకటి. నిన్న నేను అందరి ముందర నిలబడి, మా చెట్లకు చుక్క మందు కొట్టలేదని సాక్ష్యం చెప్తుంటే, అందరికన్న గట్టిగ ఆమేన్ అన్నది నువ్వే.